శ్రీకాకుళంలో ఎండ గంటలు: మీ మేడ మీద మీరే లెక్క కట్టుకోవడం ఎలా

శ్రీకాకుళంలో జూన్ నెల పగలు పదమూడు గంటల పైచిలుకు. డిసెంబరు పగలు పదకొండు గంటలు, అంతే. ఈ లెక్క చూసి జూన్, జులై నెలల్లో మనకి ఎండ ఎక్కువసేపు కాస్తుందనుకుంటే పొరపాటు. ఏడాదిలో పగలు బాగా సాగే రోజులు, మబ్బు బాగా కమ్మే రోజులు మన దగ్గర ఒక్కసారే వస్తాయి. పొద్దు పొడవునా నిక్కచ్చిగా ఎండ కాసే నెలలు జనవరి నుంచి ఏప్రిల్ దాకా. సంక్రాంతి వెళ్లాక చలి ఇంకా వీపు మీద ఉండగానే మన ఎండ కాలం మొదలైపోతుంది. వేడి కాలం వేరు, అది తరవాత వస్తుంది.

ఈ తేడా తెలిసినవాళ్లకి చాలా పనులు సుళువవుతాయి. వడియాలు ఎప్పుడు పెట్టాలి, తాండ్ర ఎప్పటిలోగా ముగించాలి, కోసిన ధాన్యం ఎన్ని రోజుల్లో ఆరుతుంది, మేడ మీద వేయించుకున్న సోలార్ పలకలు జులైలో ఎంత ఇస్తాయి, ఇవన్నీ ఎండ గంటల మీదే నడుస్తాయి. ఈ ప్రాంతానికి మొత్తంగా ఒక సగటు అంకె ఎక్కడో దొరకవచ్చు. కలింగపట్నంలో సముద్రం ఒడ్డున కాసే ఎండ, సీతంపేట కొండల కింద కాసే ఎండ ఒకటి కావు. మీ మేడ లెక్క మీ మేడ మీదే పుట్టాలి. దానికి పెద్ద సామాను అక్కర్లేదు. ఒక నోటు పుస్తకం, ఒక పుల్ల, ఒక తెల్ల పలక, ఏడాది ఓపిక.

ఎండంటే ఏమిటో ముందు తేల్చుకోండి

వాతావరణ శాఖ వాళ్లు పాతకాలం నుంచీ వాడే పరికరం ఒకటుంది, సన్‌షైన్ రికార్డర్ అంటారు. బత్తాయంత గాజు గుండు. దాని వెనక వంపు తిరిగిన లోహపు గాడిలో గంటల గీతలున్న అట్టముక్క దూర్చి పెడతారు. ఎండ గుండులోంచి దూరి అట్ట మీద ఒక చుక్క దగ్గర కూడుతుంది, అక్కడ అట్ట కమిలిపోతుంది. సూర్యుడు జరిగే కొద్దీ ఆ కమిలిన చుక్క గీతగా సాగుతుంది. రోజంతా ఎండ కాస్తే గీత తెగకుండా ఉంటుంది. మబ్బులు వచ్చి పోతుంటే చుక్కలు చుక్కలుగా పడుతుంది. సాయంత్రం అట్ట తీసి కమిలినంత మేర కొలిస్తే ఆ రోజు ఎండ గంటలు తేలతాయి. సూర్యుడి దారి కాలాన్ని బట్టి మారుతుంది కాబట్టి అట్టలు మూడు రకాలు: వేసవికి పొడుగు వంపుది, చలికాలానికి పొట్టి వంపుది, పగలూ రాత్రీ సమానంగా ఉండే రోజులకి తిన్ననిది. 1853లో జాన్ ఫ్రాన్సిస్ క్యాంప్‌బెల్ ఈ ఆలోచన చేశాడు, 1879లో స్టోక్స్ దాన్ని ఇప్పుడున్న రూపానికి తెచ్చాడు.

ఇంట్లో ఇది చేసుకోవాలని ప్రయత్నించకండి. గాజు గుండుగానీ, నీళ్లు నింపిన గుండ్రటి సీసాగానీ మేడ మీద వదిలేస్తే పక్కనున్న గుడ్డకో కొబ్బరిపీచుకో నిప్పు అంటుకుంటుంది.

మనకి కావలసింది పరికరం కాదు, దాని వెనకున్న కొలత. సూర్యుడి వైపు నుంచి నేరుగా వచ్చే వెలుగు చదరపు మీటరుకి 120 వాట్లు దాటితే ఎండ ఉన్నట్టు అని ప్రపంచ వాతావరణ సంస్థ లెక్క. మిట్టమధ్యాహ్నం నిర్మలమైన ఆకాశంలో వచ్చే దానితో పోలిస్తే ఇది చాలా తక్కువ. కంటికి ఎలా తెలుస్తుందంటే, నిలబెట్టిన పుల్లకి అంచు తెలిసేటంత నీడ పడితే ఆ మాత్రం ఎండ ఉన్నట్టే. నీడ అసలు పడకపోతే ఎండ లేదు. వెలుతురు ఎంతున్నా, కళ్లు జిగేలుమంటున్నా, ఒళ్లు ఉక్కతో తడిసిపోతున్నా నీడ లేకపోతే పుస్తకంలో సున్నాయే. జులై ముసురులో ఇది కచ్చితంగా పాటించాలి, లేకపోతే లెక్కంతా వెలుతురు లెక్క అయిపోతుంది.

కాబట్టి ఒక జానెడు పుల్లని తెల్ల టైలు ముక్క మీద నిలువుగా అతికించండి. తుఫాను గాలికి కొట్టుకుపోకుండా టైలుని సిమెంటుతో పిట్టగోడ మీద పాతేస్తే ఇంకా మంచిది. సూర్యుడి వంక చూడాల్సిన పనే లేదు, టైలు వంక చూస్తే చాలు.

చోటు

సూర్యుడు పొడిచే చోటు ఏడాదిలో చాలా జరుగుతుంది. శ్రీకాకుళం భూమధ్యరేఖకి ఉత్తరంగా 18.3 డిగ్రీల దగ్గరుంది. ఇక్కడ జూన్‌లో సూర్యుడు తూర్పుకి ఉత్తరంగా దాదాపు 25 డిగ్రీల దూరంలో పొడుస్తాడు, డిసెంబరులో దక్షిణంగా అంతే దూరంలో. చెయ్యి బారుగా చాపి పిడికిలి బిగిస్తే దాని వెడల్పు సుమారు పది డిగ్రీలు. అంటే పొద్దు పొడిచే చోటు ఏడాదిలో అయిదు పిడికిళ్ల మేర ఊగుతుందన్నమాట. మీ మేడకి ఈశాన్యం నుంచి ఆగ్నేయం దాకా, అలాగే వాయవ్యం నుంచి నైరుతి దాకా ఏముందో ఇప్పుడే చూసుకోండి. నీళ్ల ట్యాంకు, పక్కింటి మూడో అంతస్తు, కొబ్బరి చెట్లు, సెల్ టవరు, అన్నీ.

అడ్డం ఎంత ఎత్తుందో కూడా పిడికిలితోనే కొలవండి. ఆకాశం అంచు మీద ఒక పిడికిలి ఎత్తు గోడ ఉంటే ఉదయం ముప్పావు గంట దాకా ఎండ మీకు రాదు. అలాంటి అడ్డాలు లేని మేడ పట్టణంలో దొరకడం కష్టం. ఉన్నదాన్నే వాడుకోండి, పుస్తకం మొదటి పేజీలో అడ్డాల బొమ్మ గీసుకోండి. ఏ నెలలో ఎంతసేపు మరుగవుతుందో రాసిపెట్టుకుంటే చాలు, ఆ గంటల్ని తరవాత లెక్కలో సర్దుకోవచ్చు. సీతంపేట, పార్వతీపురం వైపు వాళ్లకి పడమటి కొండలు సాయంత్రాన్ని ముందే కోసేస్తాయి. అది లోపం కాదు, అక్కడి ఎండ అంతేనని రాసుకోవాలి.

అరసవల్లి సూర్యనారాయణస్వామి పాదాల మీద మార్చి 9, 10 తేదీల్లోనూ, అక్టోబరు 1, 2 తేదీల ప్రాంతంలోనూ తొలి కిరణాలు పడడం మనందరికీ తెలిసిందే. ఆ రెండుసార్లూ సూర్యుడు తూర్పుకి కాస్తంత దక్షిణంగా, దాదాపు ఒకే చోట పొడుస్తాడు. ఏడో శతాబ్దిలో కళింగ రాజు దేవేంద్రవర్మ కట్టించాడని చెప్పే ఆ గుడిలో ఆ దారిని పట్టుకున్న తీరు చూస్తే గౌరవం కలుగుతుంది. ఎండ లెక్క పెట్టేవాళ్లు గమనించాల్సింది ఇంకొకటుంది. మార్చిలో ఆకాశం సాధారణంగా తేటగా ఉంటుంది. అక్టోబరు మొదట్లో నైరుతి రుతుపవనం ఇంకా పూర్తిగా వదలదు కాబట్టి మబ్బు అడ్డుపడే అవకాశం ఎక్కువ. సూర్యుడి దారి ఒకటే అయినా ఎండ ఒకటి కాదు. మీ పుస్తకంలో ఈ రెండు వారాల్నీ పక్కపక్కన పెట్టి చూడండి, మన ఊరి వాతావరణం అక్కడే అర్థమవుతుంది.

గడియారం సర్దుకోవడం

పంచాంగంలో సూర్యోదయం చూసి మొదలుపెడదామనుకునేవాళ్లు ఆ పంచాంగం ఏ ఊరికి కట్టారో చూడాలి. హైదరాబాదుకి కట్టినదైతే మన దగ్గర పొద్దు దాదాపు 22 నిమిషాలు ముందే పొడుస్తుంది, ముందే కుంకుతుంది. విజయవాడదైతే సుమారు 13 నిమిషాలు. శ్రీకాకుళంలో జూన్ మూడో వారంలో పొద్దు సుమారు 5:20కి పొడిచి 6:33కి కుంకుతుంది. డిసెంబరు మూడో వారంలో 6:21కి పొడిచి 5:23కే కుంకుతుంది. విజయనగరంలో రెండు నిమిషాలు కలుపుకోండి.

సూర్యుడు నడినెత్తికి వచ్చే వేళ కూడా పన్నెండు కాదు. నవంబరు మొదట్లో 11:38కే వచ్చేస్తాడు, ఫిబ్రవరి మధ్యలో 12:08 అవుతుంది. మే 13 ప్రాంతంలో ఉదయం 11:50కి మీ పుల్లకి నీడే ఉండదు, సూర్యుడు సరిగ్గా తల మీద ఉంటాడు. అక్కణ్నించి జులై 30 ప్రాంతం దాకా మధ్యాహ్నపు నీడ దక్షిణం వైపు పడుతుంది. ఆ రెండున్నర నెలలూ ఇంటి ఉత్తరపు గోడ కాలుతుంది. జులైలో రెండోసారి నీడ మాయమయ్యే రోజు మబ్బు వల్ల చాలాసార్లు కనిపించదు, అందుకని మేలోనే చూసుకోండి. పుల్ల నిటారుగా ఉందో లేదో సరిచూసుకోవడానికి అంతకన్నా మంచి రోజు లేదు.

పుస్తకంలో ఏం రాయాలి

పేజీకి ఒక కార్తె పెట్టుకోండి. నెలల కన్నా కార్తెలే నయం అని నా గట్టి అభిప్రాయం. కార్తెలు సూర్యుడి నడకని బట్టి కట్టినవి కాబట్టి ఏటా దాదాపు అవే తేదీల్లో వస్తాయి, ఒక్కోటి పదమూడు పద్నాలుగు రోజులు. రోహిణి మే 25 ప్రాంతంలో, మృగశిర జూన్ 8 ప్రాంతంలో, ఆరుద్ర జూన్ 22 ప్రాంతంలో, చిత్త అక్టోబరు 11 ప్రాంతంలో, స్వాతి అక్టోబరు 24 ప్రాంతంలో మొదలవుతాయి. జూన్ నెల మొత్తానికి ఒక్క సగటు తీస్తే రోహిణి ఎండ, ఆరుద్ర మబ్బు కలిసిపోయి ఏమీ తెలియని అంకె వస్తుంది. కార్తెలుగా విడదీస్తే ఎండ ఎక్కడ విరిగిందో కనబడుతుంది. పైగా ఇంట్లో పెద్దవాళ్లకి, పొలం పని చేసేవాళ్లకి ఆ పేజీ చూపిస్తే వెంటనే మాట కలుస్తుంది.

పేజీలో అడ్డంగా గంటలు: ఉదయం 6 నుంచి సాయంత్రం 6 దాకా. నిలువుగా తేదీలు. ప్రతి గంటకీ ఒకసారి టైలు చూసి, అంచు తెలిసే నీడ ఉంటే 1, మసకగా ఉండి లేనట్టుంటే అర, లేకపోతే 0. ఆ క్షణంలో ఉన్నదే రాయాలి. 'పావుగంట కిందట భలే ఎండ కాసింది' అని 1 వేయకూడదు. ఒక్కో రోజు లెక్కలో తప్పొచ్చినా కార్తె మొత్తం మీద ఎక్కువా తక్కువా సర్దుకుపోతాయి, అదే ఈ పద్ధతిలో బలం.

జులై రోజు ఒకటి ఇలా ఉంటుందనుకోండి: ఆరుకి సున్నా, ఏడుకి అర, ఎనిమిదికి ఒకటి, తొమ్మిదికి ఒకటి, పదికి అర, పదకొండు నుంచి మూడు దాకా అన్నీ సున్నాలు, నాలుక్కి అర, తరవాత చినుకులు, సున్నాలు. కలిపితే మూడున్నర గంటలు. పక్కన ఖాళీలో 'మూడింటికి ఉరుము, ఈశాన్యం నల్లగా' అని ఒక ముక్క. ఆ ముక్కలు తప్పకుండా రాయండి. ఏడాది చివర అంకెల కన్నా ఎక్కువ చెప్పేవి అవే.

గంటగంటకీ మేడెక్కడం ఉద్యోగాలున్నవాళ్లకి కుదరదు. ఇంట్లో పంచుకోండి. పొద్దున్న బడికెళ్లే పిల్లలు, పగలు ఇంట్లో ఉన్న పెద్దవాళ్లు, సాయంత్రం మీరు. అదీ కుదరకపోతే 8, 10, 12, 2, 4 గంటలకి చూసి ఒక్కోదానికీ రెండేసి గంటల విలువ ఇవ్వండి. అంతకన్నా తగ్గిస్తే, ముఖ్యంగా మధ్యాహ్నం ఒక్కసారే చూస్తే, లెక్క చెడిపోతుంది. మన దగ్గర మబ్బుకి వేళలున్నాయి. పాత ఫోను ఒకటి పడి ఉంటే కిటికీలోంచి టైలు వైపు పెట్టి పది నిమిషాలకో ఫొటో తీసేలా అమర్చుకోవచ్చు. సెలవుకి ఊరెళ్లిన రోజులకి ఊహించి అంకెలు వేయకండి. ఖాళీ వదిలి, ఉన్న రోజుల సగటు తీయండి.

ఉండాల్సింది ఎంత, ఉన్నది ఎంత

కార్తె ముగిశాక మొత్తాన్ని రోజులతో భాగిస్తే రోజుకి సగటున ఎన్ని గంటలు ఎండ కాసిందో వస్తుంది. దాన్ని పగటి పొడవుతో భాగించి నూరుతో హెచ్చించండి. ఆకాశం ఇవ్వగలిగినదాంట్లో మీకు దక్కింది ఎంత శాతమో తెలుస్తుంది. శ్రీకాకుళానికి నెల మధ్యలో పగటి పొడవులు సుమారు ఇవి:

జనవరి 11 గంటల 9 నిమిషాలు
ఫిబ్రవరి 11 గంటల 33
మార్చి 12 గంటల 1
ఏప్రిల్ 12 గంటల 33
మే 12 గంటల 59
జూన్ 13 గంటల 13
జులై 13 గంటల 8
ఆగస్టు 12 గంటల 45
సెప్టెంబరు 12 గంటల 15
అక్టోబరు 11 గంటల 45
నవంబరు 11 గంటల 17
డిసెంబరు 11 గంటల 2

విజయనగరానికి కూడా ఇవే సరిపోతాయి, తేడా నిమిషం దాటదు. పూర్తి శాతం ఎప్పుడూ రాదు. పొద్దు పొడిచిన కాసేపటిదాకా ఎంత తేట ఆకాశమైనా అంచు తెలిసే నీడ పడదు.

ఏడాదిని చదవడం

సంక్రాంతి నుంచి మొదలుపెడదాం. జనవరిలో పొద్దున్నే మంచు. నాగావళి మీద, పొలాల మీద, జాతీయ రహదారి మీద దట్టంగా పట్టేస్తుంది, లారీలు లైట్లు వేసుకుని నడుస్తాయి. మీ పేజీలో ఏడు గంటల గడిలో సున్నాలు, ఎనిమిదికి అరలు పడతాయి. మంచు విడిచాక మాత్రం సాయంత్రం దాకా ఒకట్లే. గంటలు బాగానే వస్తాయి గానీ ఎండలో పదును తక్కువ. డిసెంబరు చివర మిట్టమధ్యాహ్నం కూడా సూర్యుడు 48 డిగ్రీల ఎత్తు దాటడు. మీ జానెడు పుల్లకి దాదాపు జానెడు నీడ పడుతుంది. గంటల లెక్కలో డిసెంబరు గంటా ఏప్రిల్ గంటా ఒకటే అయినా, పనిలో ఒకటి కావు. ఇది పుస్తకం చెప్పదు, మీరే గుర్తుంచుకోవాలి.

ఫిబ్రవరి, మార్చి ఏడాదికల్లా మేలైన నెలలు. మంచు తగ్గుతుంది, మబ్బు ఉండదు, గాలి పొడిగా ఉంటుంది. ఏ పేజీ చూసినా ఒకట్ల వరసలే. ఏప్రిల్లోనూ అంతే, అయితే ఒడ్డుకి దగ్గరగా ఉన్నవాళ్లకి తెల్లవారుజామున సముద్రం మీంచి పలచటి మబ్బు వచ్చి ఎనిమిదింటికల్లా విడిపోవచ్చు. సముద్రపు గాలి మొదలైందంటే ఒడ్డు మీద ఆకాశం తేటపడి, మబ్బు లోపలికి, కొండల వైపు జరగడం కూడా మీరు చూస్తారు. కలింగపట్నంలో ఒకరు, సాలూరులో ఒకరు ఒకే రోజు లెక్క పెడితే మధ్యాహ్నం మూడు తరవాత గడుల్లో తేడా తెలుస్తుంది.

మే నెల అందరినీ మోసం చేసే నెల. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. వేడి నిజమే. కానీ ఎండ గంటలు అప్పటికే తగ్గడం మొదలుపెడతాయి. తూర్పు కనుమల మీద మధ్యాహ్నానికి మబ్బు కట్టి, ఈదురుగాలితో సాయంత్రం విరుచుకుపడే రోజులు పెరుగుతాయి. ఉదయం గడులు నిండుగా, మూడు తరవాత గడులు ఖాళీగా కనిపిస్తాయి. మేలో ఆరబెట్టే పని ఏదైనా మధ్యాహ్నం రెండింటికల్లా ముగిసేలా చూసుకోమనేది అందుకే.

నైరుతి జూన్ రెండో వారానికి అటూ ఇటుగా మన దగ్గరికి వస్తుంది. మృగశిర పేజీలో ఒక తేదీ దగ్గర గీత గీసినట్టు ఒకట్లు తెగిపోతాయి. ఆ తేదీ ఏటా మారుతుంది, ఆ మార్పునే మీరు పట్టుకోవాలి. ఆరుద్ర నుంచి మఖ, పుబ్బ దాకా, అంటే జూన్ చివర నుంచి సెప్టెంబరు రెండో వారం దాకా, ఏడాదిలో కనిష్ఠం. పదమూడు గంటల పగలులో సగం కన్నా తక్కువే ఎండ దక్కుతుంది, బంగాళాఖాతంలో ఒడిశా ఒడ్డు పక్కన అల్పపీడనం కూచుందంటే రెండు మూడు రోజులు పేజీ అంతా సున్నాలే. అలాంటి ముసురు మధ్యలో ఒక్కోసారి రెండు మూడు రోజులు ఎండ విరగకాస్తుంది. ఆ తెరిపిని పక్క ఖాళీలో తప్పకుండా రాయండి.

సెప్టెంబరులో ఉదయాలు తేటపడతాయి, సాయంత్రాలు ఉరుముతాయి. అక్టోబరులో నైరుతి వెనక్కి మళ్లాక చిత్త, స్వాతి కార్తెల్లో ఎండ తిరిగి నిలదొక్కుకుంటుంది, తుఫాను రాకపోతే. 2014లో హుద్‌హుద్ అక్టోబరు 12న విశాఖ దగ్గర, 2018లో తిత్లీ అక్టోబరు 11న పలాస దగ్గర తీరం దాటాయి. రెండూ చిత్త మొదట్లోనే. 2021 సెప్టెంబరు 26న గులాబ్ కలింగపట్నానికి ఉత్తరంగా దాటింది, అది హస్తకి ముందు వచ్చే ఉత్తర కార్తె చివర. తుఫాను రోజులకి పేజీలో వేరే రంగు వాడండి. సగటు తీసేటప్పుడు వాటితో ఒకటి, అవి తీసేసి ఒకటి, రెండూ రాసుకోండి. తుఫాను లేని ఏడాది చిత్త ఎలా ఉంటుందో తెలియాలంటే ఇదొక్కటే దారి.

నవంబరు, డిసెంబరుల్లో మన దగ్గర ఆకాశం చాలావరకు తేటే. దక్షిణాన తుఫాను దాటినా మబ్బు మాత్రం ఇక్కడిదాకా పరుచుకోవచ్చు. 2023 డిసెంబరు 5న మిచాంగ్ బాపట్ల దగ్గర దాటినప్పుడు కోతల మీదున్న మన జిల్లాలు కూడా మబ్బు కింద పడ్డాయి.

లెక్కని పనికి తిప్పుకోవడం

సగటు కన్నా ముఖ్యమైనది వరస. రోజుకి సగటున ఆరు గంటలు అంటే అన్ని రోజులూ ఆరేసి కావచ్చు, రోజు విడిచి రోజు పది, రెండు కావచ్చు. ఆరబెట్టేవాళ్లకి ఈ రెండూ ఒకటి కావు. ప్రతి పేజీ అడుగున 'ఏడు గంటలు దాటిన రోజులు వరసగా ఎన్ని' అని రాయండి.

గుమ్మడి వడియాలకి అలాంటి వరస రోజులు కనీసం మూడు కావాలి. పొద్దు పొడవకముందే పిండి రుబ్బుకుని, పాత పంచె తడిపి పరిచి, ఎండ తగిలేసరికి పెట్టడం అయిపోవాలి. మొదటి రోజు పైభాగమే ఆరుతుంది. రెండో రోజు పంచెని తిరగేసి వెనక నీళ్లు చిలకరించి, గుడ్డని మెల్లగా లాగితే వడియం చెక్కు చెదరకుండా ఊడొస్తుంది. అప్పుడు అడుగు పైకి పెట్టి ఆరేయాలి. ఈ రెండో రోజే ఎండ తప్పనిసరి. మొదటి రోజు మబ్బేస్తే ఆలస్యమే అవుతుంది, రెండో రోజు మబ్బేస్తే తడిసిన అడుగు పులిసిపోతుంది. ఫిబ్రవరి, మార్చి పేజీల్లో ఈ మూడు రోజుల వరస ఎప్పుడు చూసినా దొరుకుతుంది. మేలో దొరుకుతుంది గానీ సాయంత్రాల్ని నమ్మలేం.

మామిడి తాండ్రకి ఆ వెసులుబాటు లేదు, కాయ పండేదే వేసవిలో. విజయనగరం జిల్లా భీమాలిలో చేసినట్టు చాప మీద రసం పోసి, ఆ పొర ఆరాక మళ్లీ పోసి, పూత మీద పూతగా రోజుల తరబడి మందం కట్టాలంటే ఎండ వరస ఎంత పొడుగుంటే అంత మంచిది. ఇంట్లో చేసుకునేవాళ్లు మృగశిర దగ్గర పోయకండి. మీ పుస్తకంలో ఒకట్లు తెగే తేదీకి రెండు వారాల ముందే చివరి పూత పడాలి. పలచగా పోయండి, ఉదయం ఎనిమిదిలోపే పోయండి, మధ్యాహ్నం మబ్బు వచ్చేసరికి పైన చర్మం కట్టి ఉంటుంది.

ధాన్యం సంగతి వేరు. కొనుగోలు కేంద్రంలో తేమ 17 శాతం దాటితే తీసుకోరు. కోత పడేది నవంబరు, డిసెంబరుల్లో, అప్పుడు పగలు పొట్టి, ఎండకి పదును తక్కువ, పొద్దున్న మంచు. మంచు విడవకముందే గింజ పరిస్తే ఆరాల్సింది పోయి తడి పీల్చుకుంటుంది. మీ పేజీలో మొదటి ఒకటి ఏ గంటకి పడుతోందో చూసి అప్పుడే టార్పాలిన్ తీయండి, నాలుగున్నరకల్లా కుప్ప చేసి కప్పేయండి. ఎండుచేపలు పెట్టేవాళ్లకీ ఈ మొదటి గడి, చివరి గడి లెక్కే ముఖ్యం. దానికి తోడు ఒడ్డు గాలిలో తేమ ఉంటుంది కాబట్టి ఇసుక మీద పరచకుండా తీగల మీద, ఎత్తు పందిళ్ల మీద వేస్తే అవే గంటల్లో ఇంకా బాగా ఆరతాయి.

సోలార్ పలకలు ఉన్న ఇంటికి ఎండ లెక్క పెట్టే యంత్రం ఇప్పటికే ఉన్నట్టే. ఫోనులో రోజూ కనిపించే యూనిట్లని మీ ఎండ గంటల పక్కన రాయండి. మంచి ఎండ రోజున కిలోవాటుకి నాలుగు యూనిట్లు, ఆపైన రావాలి. పలకలు దక్షిణం వైపు 18 డిగ్రీల వాలుతో ఉంటే మన ఊరికి సరిపోతుంది. మేలో ఎండ పదునుగా ఉన్నా యూనిట్లు మార్చిని మించకపోవచ్చు, పలక వేడెక్కితే డిగ్రీకి దాదాపు 0.4 శాతం చొప్పున దిగుబడి తగ్గుతుంది. ఎండ గంటలు ఒకేలా ఉండి యూనిట్లు మాత్రం వారం వారం తగ్గుతుంటే మబ్బుని అనకండి, మేడెక్కి దుమ్ము తుడవండి.

కొత్తగా వేయించుకునేవాళ్లకి 2024 ఫిబ్రవరిలో మొదలైన పీఎం సూర్యఘర్ పథకంలో మూడు కిలోవాట్లకి 78,000 రూపాయల దాకా రాయితీ ఉంది. వేసేవాళ్లు ఏడాది మొత్తానికి కలిపి ఒక అంకె చెబుతారు, లేదా బాగా వచ్చే నెలది చూపిస్తారు. మీ ఆరుద్ర నుంచి పుబ్బ దాకా పేజీలు వాళ్ల ముందు పెట్టి, ఈ గంటలకి ఎన్ని యూనిట్లు వస్తాయో కాగితం మీద రాసివ్వమని అడగండి. ఫ్రిజ్, ఫ్యాన్లు, మోటారు నడవాల్సింది ఆ నెలల్లో కూడా.